పకోడీ పొట్లంలో పోలయ్య చోటు

టెక్కలిలో ఒక కాలేజీ వాళ్లు నాకు పెట్టిన ఉప్మాలో జీడిపప్పు లేదు. ఇది ఫిర్యాదు చేయదగ్గ విషయం కాదని నాకు తెలుసు. అయినా పలాస నుంచి బస్సెక్కితే గంటలోపు చేరే ఊళ్లో జీడిపప్పు బదులు వేరుశనగ గుళ్లు వేయడం, వేసినవాటిని బొగ్గుల్లా మాడ్చడం చూస్తే, వంటాయనకు మా ఊరి మీద ఏదో పాత కక్ష ఉన్నట్టు తోచింది. ప్లేటు పక్కన పెట్టబోతుంటే ఆ మాడు వాసన ముక్కుకు తగిలింది. అంతే, కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ పక్కనున్న ఓ రేకుల షెడ్డు గుర్తొచ్చింది. ఫ్యాక్టరీలో గింజలు కాల్చిన రోజున మా చొక్కాలు, మా జుట్టు, మా మధ్యాహ్నపు క్యారేజీలు అన్నీ ఇదే వాసన వేసేవి.

కాలేజీ వాళ్లు నన్ను పిలిచింది ఉప్మా కోసం కాదు. బ్లాగు మొదలుపెట్టడం ఎలా, దాన్ని పెంచడం ఎలా అని పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పమన్నారు. చెప్పాను. ఆ నాలుగింటిలో మూడు నావి కావు, దానయ్య మాస్టారివి. నాలుగోది ఆయనా నేనూ కలిసి చేసిన తప్పు. స్టేజీ మీద ఆయన సంగతి మొదలుపెట్టేలోగా శాలువా కప్పేశారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాస్టారిది అక్కుపల్లి. సముద్రం మీద బతికే ఇల్లు. తండ్రీ, అన్న పోలయ్యా వేటకు వెళ్లేవారు. ఈయన పడవెక్కిన ప్రతిసారీ కక్కుకుని, పన్నెండో ఏట సముద్రానికి ఒక దండం పెట్టి బడికి వెళ్లిపోయారు. తండ్రి పోయాక అన్న తెచ్చిన చేపలతోనే చదువు సాగింది. టైపు హయ్యరు పాసై, తొంభైల చివర్లో ఆ రేకుల షెడ్డులో ఆరు మిషన్లతో ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. నేను అక్కడ టైపు నేర్చుకోవడానికి చేరేనాటికి ఫ్యాక్టరీ పొగ మిషన్ల మీద జిడ్డులా పేరుకుని ఉండేది. ఒక అక్షరం కొడితే పక్కది కూడా మర్యాదకు లేచి వచ్చేది. తప్పు మిషనుదే అయినా చిరిగే కాగితం నాదే. పేజీలో ఒక్క తప్పుంటే పేజీ మొత్తం చింపి కొత్తది ఎక్కించాలి. చెరిపే రబ్బరు ఆ షెడ్డులో నిషిద్ధం.

మాస్టారు తప్పులు పట్టే పద్ధతి ఒకటుంది. పేజీని కింది నుంచి పైకి, ప్రతి వాక్యాన్నీ వెనక నుంచి ముందుకు చదివేవారు. అలా చదివితే అర్థం అడ్డురాదట, తప్పులు మాత్రమే కనబడతాయట. కొన్ని వేల పేజీలు ఆయన చేతిమీదుగా ఒక్క తప్పూ లేకుండా వెళ్లాయి. వాటిలో ఏముందో ఆయనకు ఒక్క ముక్క తెలియదు. ఈ పద్ధతిని పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి, ముందు పని పడుతుంది.

రెండు వేల సంవత్సరం దాటాక మిషన్లు ఒక్కొక్కటే మూలకు చేరాయి, వాటి బల్లల మీదికి కంప్యూటర్లు వచ్చాయి, బోర్డు మీద ఇంటర్నెట్ అనే మాట చేరింది. బి.ఎస్సీ. పాసై ఇంట్లో కొబ్బరికాయలు లెక్కపెట్టుకుంటున్న నన్ను పిలిచి కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు. నాకు డిగ్రీ ఉందన్న సంగతి ఆయన ఎన్నడూ గుర్తు చేయలేదు. అది ఆయన మంచితనం.

తెలుగులో బ్లాగులు రాసేవాళ్లున్నారని ఆ కౌంటరు దగ్గరే కనిపెట్టాను. నేనూ ఒకటి తెరిచాను. మూడు వారాలు దానికోసం ఒళ్లు దాచుకోకుండా పనిచేశాను. నల్లని ఆకాశం, మిణుకుమనే నక్షత్రాలు, మౌసు ఎటు వెళ్తే అటు వెంటపడే ఒక గులాబీ పెట్టాను. రాసింది మాత్రం 'అందరికీ నమస్కారం' అన్న రెండు మాటలు. మాస్టారు కాసేపు గులాబీని అటూ ఇటూ పరిగెత్తించి చూశారు. మామూలుగా ఆయన పుస్తకాల తెలుగే మాట్లాడేవారు. విసుగొస్తే మాత్రం అక్కుపల్లి బయటికొచ్చేది.

"మా ఊర్లో ఒకడు పడవకి రంగులేసీ రంగులేసీ ఏటకెల్లడం మర్సిపోనాడురా. పడవ బాగుంది. ఇంట్లో కూరే నేదు."

గులాబీని తీసేశాను. రాయడం మొదలుపెట్టాను. పేజీ అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకెల పెట్టె ఒకటుండేది. రోజుకు నలభై, నలభై ఐదు. నేను ప్రసిద్ధుణ్ణవుతున్నానని నాకు అనుమానం మొదలైంది. ఆ మాట మాస్టారితో అంటే ఆయన మర్నాడు ఏదో పని చెప్పి నన్ను రోజంతా టెక్కలి పంపించారు. తిరిగొచ్చి చూస్తే ఆ రోజు లెక్క ఒకటి. ఆ ఒక్కరూ ఎవరో అని నేను మురిసిపోతుంటే, అది తానేనని, అంకె కదులుతుందో లేదో చూద్దామని తెరిచానని చెప్పారు. సంతలో కొట్టు పెట్టి నా సరుకు నేనే కొనుక్కుంటున్నానని కూడా అన్నారు. సంత అంటే గుర్తొచ్చి ఒక నియమం పెట్టారు. వాన పడినా, ఎండ మండినా సంత జరిగే రోజు మారదు. జనం లేని రోజున కూడా కొట్టు తెరిచినవాడినే జనం ఉన్న రోజున వెతుక్కుంటూ వస్తారు. కాబట్టి ప్రతి గురువారం ఒకటి. పాఠకులు ఉన్నా సరే, లేకపోయినా సరే.

ఆ లెక్కన గురువారం గురువారం ప్రపంచశాంతి మీద ఒకటి, యువత కర్తవ్యం మీద ఒకటి, వర్షం మీద మూడు రాశాను. వ్యాఖ్యలు రాలేదు. మాస్టారు అన్నీ వెనక నుంచి చదివి తప్పుల్లేవని చెప్పారు. బాగున్నాయా అని అడిగితే, అది తన శాఖ కాదన్నారు. ఒకరోజు మాత్రం కళ్లజోడు తీసి, "ఎనక నించి సదివినా తెలిసిపోతందిరా. ఇంత రాసినావు, పలాస ఒక్కపాలైనా తగల్నేదు" అన్నారు. నాకు పలాస గురించి రాయడానికి ఏముంటుందో తెలియలేదు. రోజూ చూసేదేగా అన్నాను. అయితే చూడనిది చూసి రమ్మని అక్కుపల్లికి, అన్నగారి దగ్గరికి పంపారు.

తెలతెలవారుతుంటే పోలయ్య మావ నన్ను పడవెక్కించాడు. మాది తోటల ఊరు. సముద్రాన్ని కొబ్బరిచెట్ల సందులోంచి చూడటం వరకే అలవాటు. మొదటి కెరటం దాటాము. రెండోది దాటకముందే రాత్రి తిన్నదంతా బంగాళాఖాతానికి అప్పగించేశాను. పోలయ్య మావ నా వీపు మీద చెయ్యేసి, "మా తమ్ముడి శిష్యుడివేరా, అనుమానం నేదు" అన్నాడు.

చాలా దూరం పోయాక ఇంజను ఆపాడు. సముద్రం మీద గీతలుండవు, రాళ్లు పాతి ఉండవు. ఒడ్డున ఎత్తుగా కనిపించే చెట్టో గోపురమో ఒకటి, దాని వెనకున్న ఇంకోదాని మీదికి వచ్చేలా పడవను జరుపుతారు. మరోవైపు అలాంటి జంటే ఇంకొకటి. రెండు జంటలూ ఒకేసారి కుదిరిన చోట నీటి అడుగున పెద్ద రాతిబండ, బండ చుట్టూ వంజరం చేపలు. ఆ చోటు వాళ్ల నాన్న వెతికి పట్టుకున్నది. ఆ నాలుగు గురుతులూ ఇంటి మగవాళ్లకు తప్ప చెప్పరు. ఈ ఆనవాయితీ నాకు అప్పుడు తెలియదు. వాంతులతో అడ్డంగా పడి ఉన్నవాడు ఏం గుర్తుపెట్టుకుంటాడులే అని పోలయ్య మావ నా ఎదుటే గురుతులు చూసుకుని, వాటి పేర్లు పైకే అనుకున్నాడు. ఆయనకు తెలియనిదేమిటంటే, సముద్రం మీద కక్కుకునేవాడు ఒడ్డును చూసినంత శ్రద్ధగా ఇంకెవరూ చూడరు. పడవ మీదున్న నాలుగు గంటలూ నేను రెప్ప వేయకుండా చూసింది ఆ నాలుగు గురుతులనే.

ఊళ్లోకొచ్చి అన్నీ రాసేశాను. వాంతులు, వంజరాలు, గురుతులు, నాలుగూ, వరసగా, ఏది దేని మీదికి రావాలో సహా. మాస్టారు కింది నుంచి పైకి చదివి రెండు తప్పులు దిద్దారు. గురువారం పెట్టాను.

ఏడు వ్యాఖ్యలొచ్చాయి. మా తీరం నుంచి వలసపోయి గుజరాత్‌లోని వెరావల్లో పడవల మీద పనిచేసే ఒకాయన, వాంతుల పేరా రెండుసార్లు చదివానని రాశాడు. నాకు నేల మీద కాలు ఆగలేదు. ఏడుగుర్ని డెబ్బై మందిని చేయాలనిపించింది. బ్లాగు చిరునామా కింద రాసి, ఆ ముక్కను యాభై కాపీలు ప్రింటు తీసి కాశీబుగ్గ బస్టాండులో కొట్టుకొట్టుకూ ఇచ్చి వచ్చాను. బస్టాండులో కాగితాలు చివరికి ఎక్కడికి చేరతాయో అక్కడికే అవీ చేరాయి, అంటే పకోడీ బండి దగ్గరికి. పక్క ఊరి పడవ ఆసామి ఒకాయన ఉల్లిపాయ పకోడీ తిని, పొట్లం విప్పి చదివాడు. మాది మంచి ప్రింటు. నూనె మరకల్లోంచి కూడా నాలుగు గురుతులూ చక్కగా కనబడ్డాయి.

వారం తిరక్కుండా పోలయ్య మావ షెడ్డుకొచ్చాడు. తమ్ముడు దుకాణం పెట్టాక ఆయన అక్కడ అడుగుపెట్టడం అదే మొదటిసారి. నడుముకు దోపుకున్న నూనె కాగితం తీసి కౌంటరు మీద పెట్టాడు. "దానీ, ఇది నీ దుకాణంలోదేనా?" అన్నాడు. పొద్దున తాను వెళ్లేసరికి ఆ బండ దగ్గర తొమ్మిది పడవలున్నాయట. వాళ్లలో ఒకడు ఎగతాళిగా ఈ కాగితాన్ని ఊపి చూపించాడట.

మాస్టారు కాగితం తీసుకున్నారు. ఆయన ఒక పేజీని పైనుంచి కిందికి చదవడం నేను చూసింది ఆ రోజే.  రాసింది నేనేనని నేను చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపి, "నేను సూసినాకే ఎల్లింది, అన్నా" అన్నారు. పోలయ్య మావ "నాన్న సోటు" అని మాత్రం అని, బస్సు వేళైందని వెళ్లిపోయాడు.

నాకు ఉపాయాలు తక్కువ లేవు. గురుతులు మార్చి, 'సవరణ' అని ఇంకో యాభై కాపీలు తీసి బస్టాండులో పంచుదామన్నాను. మాస్టారు ఒప్పుకోలేదు.

"తప్పు కొడితే కాయితం సింపుతాం. అబద్ధం కొడితే ఏటి సింపుతావురా?"

బ్లాగులోంచి ఆ టపా తీసేశాం. ఒక్క మీట నొక్కితే పోయింది. బస్టాండులో అలాంటి మీట లేదు. ఆ సాయంత్రం మాస్టారూ నేనూ బండి దగ్గర నిలబడి, మా కాగితంలోనే కట్టి ఇమ్మని పకోడీలు కొన్నాం. పద్నాలుగు పొట్లాలు కొంటే పదకొండు కాగితాలు దొరికాయి. మిగతా మూడింటిలో ఎవరిదో లెక్కల నోట్సు ఉంది. కొన్నవన్నీ తినాల్సిందేనని మాస్టారు పట్టుబట్టారు. చేసిన తప్పుకు అది శిక్షో, లేక వృథా చేయకూడదన్న అలవాటో ఇప్పటికీ తెలియదు.

తర్వాతి గురువారం షెడ్డు మూసి ఇద్దరం అక్కుపల్లి వెళ్లాం. పోలయ్య మావ ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తాను చదువుకోలేదు కాబట్టి, ఏం రాశానో మొత్తం చదివి వినిపించమన్నాడు. చదివాను. వాంతుల దగ్గర నవ్వాడు. చుట్టూ చేరినవాళ్లూ నవ్వారు. గురుతుల దగ్గరికొచ్చి ఆగిపోయాను. ఆపావేటి, సదువు అన్నాడు. నీళ్లు నములుతూ ఆ నాలుగూ చదివాను. అంతా విన్నాక, కోపం లేని గొంతుతో, "రాసీసినాక సదివినావు. ముందే వచ్చి సదివుంటే ఇక్కడ ఆపమనీవోణ్ణి గదేటి" అన్నాడు.

ఆ ఏడాది ఆ బండ మీద వలలు వేయని పడవ లేదు. చూస్తుండగానే వంజరాలు పల్చబడ్డాయి. పోలయ్య మావ కొత్త చోటు కోసం నెలల తరబడి తిరిగాడు. ఖాళీ పడవతో వచ్చాడని తెలిసిన రోజున మాస్టారు మధ్యాహ్నం క్యారేజీ విప్పేవారు కాదు. ఆఖరికి ఎక్కడో దొరికింది. దొరికిందని మాకెలా తెలిసిందంటే, ఓ శుక్రవారం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన తాటాకు బుట్టలో వంజరం వచ్చింది. ఆ తర్వాత వారం తప్పినా నెల తప్పలేదు. మాస్టారు దాన్ని ముట్టుకుని, మొప్పలు ఎత్తి చూసి, పులుసు రుచి చూసి, ఎంత లోతుదో ఏ దిక్కుదో అంచనా కట్టేవారు. ఆ చోటు ఎక్కడని ఒకసారి అడిగాను. అన్న తనకు చెప్పాడని, నాకు మాత్రం చెప్పొద్దన్నాడని, కళ్లజోడు తుడుచుకుంటూ చెప్పారు. న్యాయమే కదా అనుకున్నాను.

మాస్టారు పోయి రెండేళ్లయింది. షెడ్డులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. బ్లాగు ఉంది. గురువారం ఉంది. రాసింది ఒకసారి వెనక నుంచి చదువుతాను తప్పుల కోసం, ఒకసారి ముందు నుంచి చదువుతాను నేనేం చేస్తున్నానో తెలియడం కోసం. ఆ తర్వాత ఎవరి గురించి రాశానో వాళ్ల దగ్గరికి బస్సెక్కి వెళ్లి చదివి వినిపిస్తాను. దీనివల్ల నా బ్లాగు పెరగాల్సినంత పెరగలేదు, బస్సు ప్రయాణాలు మాత్రం బాగా పెరిగాయి. టెక్కలి పిల్లలకు ఇది చెబితే, అంత దూరం ఎవరెళ్తారు సార్, ఫోన్‌లో పంపితే చాలదా అని అడిగారు.

దీన్ని కూడా ఇక్కడివరకు రాసి, మాస్టారు లేరు కాబట్టి, మొన్న అక్కుపల్లి తీసుకెళ్లాను. పోలయ్య మావ ఇప్పుడు వేటకు వెళ్లడం లేదు, కొడుకులు వెళ్తున్నారు. చేతిలో వల మాత్రం అలాగే ఉంది. వాంతుల దగ్గర మళ్లీ నవ్వాడు. పకోడీల దగ్గర తల అడ్డంగా ఊపాడు. తమ్ముడు పులుసు రుచి చూసే చోట మళ్లీ చదవమన్నాడు, చదివాను. ఎక్కడా ఆపమనలేదు. అంతా అయ్యాక కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. లేవబోతూ, ఇన్నేళ్లయింది గదా మావా, మాస్టారికి చెప్పిన ఆ కొత్త చోటేదో ఇప్పటికైనా నాకు చెప్పకూడదా అని అడిగాను.

పోలయ్య మావ దారాన్ని పంటితో కొరికి తెంపాడు.

"ఆడికే సెప్పనేదు. నీకు సెప్తానేటి?"