వాగు దగ్గర ఆలస్యం

కాన్పుల ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు ఆయాగా చేసి ఆమె పని మానిన నెలలోనే మొగుడు ఊళ్లో ఇల్లు అమ్మేశాడు. ఆమెకు చెప్పలేదు. సామాను ఎక్కించడానికి లారీ గుమ్మంలో ఆగాక తెలిసింది. అతను సిటీ బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయినవాడు. బస్సులో ఎవరైనా గట్టిగా నవ్వితే చాలు, కావాలని బ్రేకు తొక్కి నిలబడ్డవాళ్లందరినీ ముందుకు పడేసేవాడు. రోజూ ఎక్కేవాళ్లు బ్రేకు బాబాయి అని పేరు పెట్టారు. మనుషుల గోల లేనిచోట ఉండాలని అతని కోరిక. ఆమె కోరికేమిటో అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు.

బదులుగా అతను కొన్నది అడవిలో ఒంటిగది చెక్క ఇల్లు. ఇంతకుముందు కలప కొట్టించే మేస్త్రీ ఉండేవాడట. గోడ పలకల సందుల్లోంచి చీమలు బారులు తీరి వచ్చేవి. వారం తిరక్కుండానే పరుపు బూజు వాసన కొట్టింది. కరెంటు ఉంది, కుళాయి లేదు. నీళ్ల కోసం వాగులోకి దిగాలి. ఏటవాలు బాట, వాన పడితే కాలు నిలవదు. మొదటిరోజే అతను రెండు ప్లాస్టిక్ క్యాన్లు ఆమె ముందు పడేసి, కట్టెలు తన వంతు, నీళ్లు ఆమె వంతు అని పంచేశాడు. కట్టెలు వారానికోసారి కొడితే సరిపోయేవి. నీళ్లకు రోజుకు ఆరుసార్లు దిగి ఎక్కాలి.

బాలింతల్ని ఎత్తి ఎత్తి ఆమె కుడి భుజం అప్పటికే అరిగిపోయింది. అయినా ఆ గదిని ఇల్లు చేద్దామనే చూసింది. పాత క్యాలెండర్లు అంటించి సందులు మూసింది. మంచం కోళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టి చీమల్ని ఆపింది. చూరు కింద ఒక పీపా పెడితే వాన నీళ్లు పట్టుకోవచ్చు కదా అని అడిగింది. ఇక్కడికి సుఖపడడానికి రాలేదన్నాడు. ఒకరోజు ఆమె మోసుకొచ్చిన క్యాను మూత తీసి చూశాడు. లోపల ఎండుటాకు తేలుతోంది. నీళ్లన్నీ ఆమె పాదాల మీదే ఒంపేశాడు.

"మళ్లీ పట్రా," అన్నాడు.

క్యాను తీసుకుని మళ్లీ దిగింది. వాగు ఒడ్డున కూర్చుని ఏడ్చానని తర్వాతెప్పుడో అక్కతో చెప్పింది. అక్కడికొచ్చాక ఏడ్చింది ఆ ఒక్కసారే.

ఆరు నెలలు గడిచి వానాకాలం వచ్చింది. ఒక పొద్దున కప్పు మీద లేచిన రేకు బిగిద్దామని అతను నిచ్చెన ఎక్కాడు. ఆమె వాగు దగ్గరుంది. ధబ్బున చప్పుడు, వెంటనే కేక. పెళ్లయ్యాక మొదటిసారి ఆమెను పేరు పెట్టి పిలిచాడు. అన్నీ వినపడుతూనే ఉన్నాయి. ఆమె క్యాన్లు నింపింది. ఒకదాంట్లో ఆకు పడితే ఒంపేసి మళ్లీ ముంచింది. కాళ్లు రుద్ది కడుక్కుంది. జుట్టు విప్పి, చిక్కు తీసి, ముడి వేసుకుంది. పైకి ఎక్కేసరికి చినుకులు మొదలయ్యాయి. అతను బురదలో వెల్లకిలా పడి ఉన్నాడు. కాలు తుంటి దగ్గర పక్కకు తిరిగిపోయింది.

"ఎంతసేపే?" అన్నాడు.

"నీళ్లు తేవడానికి అంతే పడుతుందండీ."

ఆసుపత్రి పని తెలిసిన మనిషి. తుంటి విరిగినవాణ్ణి కదపకూడదని ఆమెకు తెలుసు. అందుకని కదపలేదు. దుప్పటి తెచ్చి కప్పవచ్చని కూడా తెలుసు, కప్పలేదు. లోపలికి వెళ్లి, పొయ్యి మీదిది దించి, తిని, గిన్నె కడిగి బోర్లించి, అప్పుడు ఫోను సిగ్నలు దొరికే రోడ్డు దాకా నడిచింది. అంబులెన్సు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆపరేషను చేశారు గానీ ఇక నడవలేడన్నారు. కుళాయి లేని ఇంటికి ఇలాంటి మనిషిని ఎలా తీసుకెళ్తారు, ఊళ్లోనే కింద గది ఏదైనా చూసుకోండి అని డాక్టరమ్మ చెప్పింది. అతను మంచం కడ్డీ పట్టుకుని, పక్క మంచాలవాళ్లు వింటున్నా సిగ్గుపడకుండా బతిమాలాడు.

"ఊళ్లోనే ఉందామే. నీ ఇష్టమొచ్చిన చోట."

ఆమె అతని దుప్పటి సర్ది డాక్టరమ్మ వైపు తిరిగింది.

"ఆయనకి మనుషుల గోల పడదమ్మా. అడవంటే ప్రాణం."

తీసుకొచ్చేసింది. చూరు కింద పీపా పెట్టించుకుంది. అతనికి ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదు, పక్క తడిగా ఉండనివ్వలేదు. వేలెత్తి చూపడానికి ఎవరికీ ఏమీ దొరకదు. కానీ అతను దాహమని పిలిస్తే గుమ్మం మెట్ల మీద కూర్చునే "వస్తున్నా" అనేది, చేతిలో పని అయ్యేదాకా లేచేది కాదు. మంచం పక్కన పీట వేసుకుని ముప్ఫై ఏళ్ల కాన్పుల కబుర్లు గొంతెత్తి చెప్పేది. అడ్డం తిరిగిన బిడ్డలు, మూర్ఛపోయిన మొగుళ్లు. చెప్పి చెప్పి పగలబడి నవ్వేది. అతను గోడ వైపు తిరగాలన్నా ఆమే తిప్పాలి.

నెల రోజులు తోడుంటానని అక్క వచ్చింది. ఎనిమిదో రోజునే సంచి సర్దుకుంది. రోడ్డు దాకా సాగనంపుతుంటే దారిలో ఆగి, మరిది ఎలాంటివాడో తనకు తెలుసని, అయినా చూడలేకపోతున్నానని అంది.

"నువ్విలాంటిదానివి కాదే," అంది.

"నాకూ తెలీదక్కా. ఇక్కడికొచ్చాకే తెలిసింది."

అక్క మళ్లీ రాలేదు. అతను ఇంకో రెండేళ్లు బతికాడు.