కొండ సీసా కషాయం

మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటాలు ఏరే మా అమ్మ, నేను బెంగళూరులో కంప్యూటర్ పని చేస్తున్నానని తోటి ఆడవాళ్లకు చెప్పుకునేది. నేను హోటల్లో ప్లేట్లు మోస్తూ, వైన్ పోస్తానని ఆమెకు బాగా తెలుసు. నాన్న తాగుడుతో నానా పాట్లు పడిన మనిషి, ఆ మాట నోటితో ఎట్లా అంటుంది? ఆమెను తప్పుపట్టలేదు గానీ, నాకు లోపల కష్టంగానే ఉండేది.

పోయిన వానాకాలం, వైన్ పరీక్షకు రెండు రోజుల ముందు మా ఇంటికి వచ్చాను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అది ఏ ప్రాంతపు వైనో చెప్పాలి, అదీ పరీక్ష. తప్పితే ఇంకో ఏడాది ప్లేట్లు మోయడమే. వాసన గుర్తుపెట్టుకుందామని ఇటలీ ఉత్తరాన ఆల్ప్స్ కొండల్లో చేసే ఎర్ర వైన్ సీసా ఒకటి తెచ్చుకున్నాను. తీరా ఇల్లు చేరేసరికి జలుబు పట్టుకుని ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. అమ్మ ఆ సీసాను చేత్తో కూడా తాకలేదు. చీపురు కొనతో మూలకు నెట్టింది.

మధ్యాహ్నం నిద్ర లేచి చూస్తే పొయ్యి మీద గిన్నె కుతకుతా ఉడుకుతోంది. మిరియాలు, శొంఠి, లవంగాలు. పక్కన నా సీసా, ఖాళీగా.

"యాల పోసేసినావమ్మా!" అని అరిచాను. ఏడుపొచ్చేసింది.

"సలికొండల్లో సేస్తారని నువ్వే గదా సెప్పినావు? సలి దేశమోళ్లు జలుబుకు గాక దేనికి సేసుకుంటారు? రా, ఆవిరి పట్టు."

కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ కొండల్లో చలికాలం ఎర్ర వైన్‌లో లవంగాలు, దాల్చినచెక్క వేసి నిజంగానే కాచుకుంటారు. ఆ మాటే చెప్పాను.

"అయితే ఆడ గూడా అమ్మలుండారు," అంది అమ్మ.

నాకు దుప్పటి కప్పి, తనూ తల లోపలికి దూర్చింది. సారాయి వాసనకు ఆమడ దూరం పారిపోయే మనిషి!

"నేరేడు పండు మాదిరి వాసనొస్తాండాది గదా," అంది. కాసేపటికి మిరియాల ఘాటు వెనక నాకూ అదే తగిలింది.

పరీక్షలో మూడో గ్లాసు ఎత్తగానే నేరేడు పండు వాసన. ఆ కొండల వైనేనని తడుముకోకుండా రాసేశాను.

పాసయ్యానని ఫోన్ చేస్తే అమ్మ సంతోషమేమీ పైకి చూపలేదు.

"వానలు ఇంకా పడతానే ఉండాయి పాపా. యార్డులో అందరికీ జలుబులే. వచ్చేటప్పుడు ఆ కొండ సీసా ఇంకోటి తే. మా పాప హోటల్లో పోసే సరుకేనని అందరికీ సెప్పేసినా."