నల్లబడని ఆయిల్

మా స్పేర్‌పార్ట్స్ షాపుకి ఎదురుగా ఉన్న మెకానిక్ షెడ్డు వేళ్ళ మేస్త్రీది. ఇంజన్ లోంచి ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి, కొసనున్న చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వాసన చూసి, కళ్ళు మూసుకుని తీర్పు చెప్పేవాడు. పనికొస్తుంది, లేదా పనికిరాదు. మూడో మాట ఉండేది కాదు. డాక్టరు ముందు కూడా నోరు మూయని లారీ డ్రైవర్లు, ఆయన కళ్ళు తెరిచేదాకా కిక్కురుమనేవారు కాదు.

ఆయన లెక్క సులువు. ఆయిల్ చిక్కగా ఉండాలి, వేళ్ళ మధ్య తీగ సాగాలి, నెలలు గడిచినా రంగు మారకూడదు. డబ్బా వెనక అచ్చేసిన అక్షరాలూ అంకెలూ ఆయనకి గిట్టవు. “అక్షరాలు ఇంజన్లో పోస్తామా?” అనేవాడు. ఈ మాట నేను వెయ్యిసార్లైనా విని ఉంటాను. మొదటి రెండుసార్లు నవ్వాను.

ఆయన కూతురు ఆయిళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. ఒకరోజు షెడ్డులో టీ తాగుతూ ఓపిగ్గా చెప్పింది.

“ఆయిల్ పోసి ఇంజన్ని రోజుల తరబడి తిప్పుతాం నాన్నా. తర్వాత మొత్తం విప్పి, ఏ ముక్క ఎంత అరిగింది, ఎక్కడ ఎంత మడ్డి పట్టింది చూసి మార్కులేస్తాం. పాసైతేనే డబ్బా మీద ఆ అక్షరాలు.”

“వేసేవాళ్ళ మొహం నేను చూశానా?”

“నా మొహం చూశావుగా.”

“నీకు స్పానర్ పట్టుకోవడం నేర్పిందే నేను” అని ఆయన గ్లాసు కింద పెట్టాడు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

మేస్త్రీ అక్కకి ఒక డీజిల్ వ్యాను ఉంది. రోజూ పొద్దున్నే బేకరీలో బ్రెడ్డు ఎక్కించుకుని ఇరవై ఆరు దుకాణాలకి తనే వేసొస్తుంది. ఇల్లు గడిచేది ఆ వ్యాను మీదే. దాని ఆయిల్ సంగతి ఆవిడ ఎన్నడూ పట్టించుకోలేదు. తమ్ముడున్నాడు, చాలు.

వ్యాను కొత్తది. దాంతోపాటు ఇచ్చిన పుస్తకంలో రాసిన రకం ఆయిలే కంపెనీవాళ్ళు పోసిచ్చారు. మూడువారాలకి అది బొగ్గులా నల్లబడింది. మేస్త్రీ రుద్ది చూశాడు. “నీళ్ళలా ఉంది, పైగా మసి. దొంగ సరుకు” అని మొత్తం దింపేశాడు. నా షాపులో మూలనున్న, ఏ అక్షరాలూ లేని చిక్కటి ఆయిల్ డబ్బా పట్టుకెళ్ళాడు. డబ్బా ఇచ్చింది నేనే. పుస్తకంలో ఏముందో ఒకసారి చూడమనడానికి నోరు రాలేదు. ఆయనతో ఎవడు పడతాడు?

నెలలు గడిచినా ఆ ఆయిల్ తేనెరంగులోనే ఉంది. వచ్చినవాళ్ళకల్లా పుల్ల లాగి చూపించేవాడు. నేనూ రెండుసార్లు భేష్ అన్నాను.

ఎనిమిదో నెలలో ఒక ఉదయం, వెనకాల బ్రెడ్డంతా ఉండగానే, వ్యానులో ఎర్రలైటు వెలిగింది. ఇంజన్ టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. షెడ్డుకి లాక్కొచ్చారు. మేస్త్రీ పైమూత విప్పాడు. లోపల నల్లటి మడ్డి వేలెడు మందాన పేరుకుపోయి ఉంది. అడుగున ఆయిల్ పీల్చే జల్లెడ పూర్తిగా మూసుకుపోయింది.

కబురందుకుని కూతురు వచ్చింది. గొంతు పెంచలేదు.

“మొదటి ఆయిల్ మసిని కడిగి తనలో కలుపుకుంది నాన్నా, అందుకే నల్లబడింది. ఇది కడగలేదు. మసంతా లోపలే ఉండిపోయింది, ఆయిల్ మాత్రం శుభ్రంగా కనిపించింది.”

మేస్త్రీ ఏమీ లేని వేళ్ళని ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ నిలబడ్డాడు. కంపెనీ ఇంజనే నాసిరకం అనొచ్చు. అని ఉంటే వీధి వీధంతా నమ్మేది. నేను తల ఊపేవాణ్ణి కూడా.

పాత టైరు మీద కూర్చున్న అక్క అడిగింది. “ఏమైందిరా?”

“నేనే పాడుచేశానక్కా.”

నాకు సిగ్గేసింది. డబ్బా ఇచ్చినవాణ్ణి, ఆ ముక్క నేనూ అనొచ్చు. అనలేదు.

బాగుచేయడానికి పదకొండు రోజులు పట్టింది. అన్నాళ్ళూ అక్క అద్దె ఆటోలో సగం దుకాణాలకే బ్రెడ్డు వేయగలిగింది. మిగతా సగంలో నాలుగు దుకాణాలు వేరేవాళ్ళకి పోయాయి, మళ్ళీ రాలేదు.

పన్నెండో రోజు మేస్త్రీ వ్యాను పుస్తకం పట్టుకుని నా షాపుకొచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని, చూపుడువేలు ఒక్కో అక్షరం కింద పెడుతూ, పుస్తకానికీ డబ్బాకీ రెండుసార్లు సరిచూసుకున్నాడు. డబ్బా మోసుకుంటూ నేనూ వెనకే వెళ్ళాను.

పోయబోతుంటే అక్క ఇంజన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగరా. ఇది మంచిదేనా?”

ముప్ఫై ఏళ్ళలో ఆవిడ తమ్ముణ్ణి ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. మేస్త్రీకి అది తగిలింది, మొహంలో కనిపించింది. అలవాటుగా వేలిమీద ఒక చుక్క వేసుకున్నాడు. రుద్దలేదు. గుడ్డతో తుడిచేశాడు.

“నాకు తెలీదక్కా” అన్నాడు. “విప్పి చూసినవాళ్ళకి తెలుసు.”

అక్క ఆయన మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి తీసింది.

“పొయ్యరా.”