అడక్కుండా కోసిన చొక్కా

కత్తెరక్క గుడ్డ మీద కత్తెర పెట్టిందంటే గదిలో మాటలు ఆగిపోయేవి. భయంతో కాదు, ముచ్చటతో. సుద్దతో గీత కూడా గీయదు మహాతల్లి. గుడ్డని ఒకసారి అరచేత్తో నిమిరి, తల కాస్త పక్కకి వంచి, కరకరా కోసుకుంటూ పోతుంది. తర్వాత టేపు పెట్టి చూసుకోండి, నాలుగంగుళాలంటే నాలుగంగుళాలే. నూలుపోగు అటూ ఇటూ ఉండదు.

ఆ గది గ్రంథాలయం మేడ మీద ఉంది. అక్కడ శనివారం శనివారం పన్నెండు మంది ఆడవాళ్ళు కుట్టుపని సంఘమని కలుస్తారు. రెండు పొడవాటి బల్లలు, ఒకే ఒక్క ఫ్యాను, దాని కింద కుర్చీ కోసం ప్రతి వారం తగువు. మొదటి గంట చూపించుకోవడం. వారంలో ఎవరు ఏం కుట్టారో తెచ్చి అందరి ముందూ పరవాలి. ఒకసారి రిటైరైన హెడ్మాస్టరమ్మ దిండు గలీబు మీద హంసని కుట్టి తెస్తే, అది బాతులా ఉందని అందరూ పడీపడీ నవ్వారు. ఆవిడేం తడుముకోలేదు. "బాతే. హంస అని మీకెవరు చెప్పారు?" అంది. రెండో గంట అందరూ కలిసి ముక్కల బొంత కుడతారు. పాత గుడ్డల్ని చదరాలుగా కోసి, రంగులు చూసుకుని అతికి, లోపల మెత్తటి దుప్పటి పెట్టి కుట్టిన బొంతలు ఆసుపత్రిలో పుట్టిన పసివాళ్ళకి వెళ్తాయి. ఆ చదరాలు కోసే పెత్తనమంతా కత్తెరక్కదే.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు దుస్తుల ఫ్యాక్టరీలో కోత బల్ల దగ్గర నిలబడ్డాను. ఒక్క కోత తప్పలేదు" అని వారానికి ఒకసారైనా అనకపోతే ఆవిడకి తిన్నది అరగదు.

ఆ మాట అబద్ధం. తప్పింది. ఇరవై రెండేళ్ళ కిందట నలభై పొరల గుడ్డ మీద చొక్కా చేతుల నమూనా పెట్టి కోస్తూ, సగం అయ్యాక నమూనాని తిరగేయడం మరిచిపోయింది. తిరగేస్తేనే కుడి చేతులు వస్తాయి. ఆ రోజు వచ్చినవన్నీ ఎడమ చేతులే, కుడిది మచ్చుకి ఒక్కటీ లేదు. సూపర్‌వైజరు నెత్తి బాదుకుని, "గుడ్డ తిరగేసి పరిచి ఉంటారు. ఎవరు పరిచింది?" అని అరిచాడు. పరిచినావిడ బల్లకి అవతలి వైపే ఉంది. ఇద్దరూ పన్నెండేళ్ళు ఒకే బల్లకి చెరో పక్కా నిలబడ్డవాళ్ళు, మధ్యాహ్నం ఒకే డబ్బాలో తిన్నవాళ్ళు. "నేను సరిగ్గానే పరిచానండీ" అని ఆవిడ కత్తెరక్క వైపు చూసింది. కత్తెరక్క చేతిలోని కత్తెర వైపు చూసుకుంది. సాయంత్రానికల్లా ఆవిణ్ణి పనిలోంచి పంపేశారు.

ఆవిడిల్లు ఎంతో దూరం కాదు, నాలుగు వీధుల అవతలే. కానీ ఇన్నేళ్ళలో కత్తెరక్క ఆ వీధిలో కాలు పెట్టలేదు. మార్కెట్టుకి వెళ్ళాలన్నా చుట్టూ తిరిగే వెళ్తుంది. ఎందుకే ఈ ప్రదక్షిణం అని మొగుడు అడిగితే, కాళ్ళకి మంచిదంటుంది.

సరే, అసలు సంగతికొద్దాం. సంఘంలో ఒక కట్టుబాటుంది. కిటికీ పక్క బల్ల మీద పెట్టిన గుడ్డ కోతకే. అడగడాలూ చెప్పడాలూ ఉండవు. చేరి మూడు వారాలైన కొత్తమ్మాయికి ఆ సంగతి తెలీదు. పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాస్తుంది కాబట్టి అందరూ చీటీల అమ్మాయి అంటారు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ శనివారం ఆమె మడతపెట్టిన నీలం చొక్కా ఒకటి తెచ్చి, కాలరు అంచులు అరిగిపోయాయి, తిరగేసి కుట్టడం ఎలాగో ఎవరినైనా అడుగుదామని ఆ బల్ల మీద పెట్టింది. ఇంతలో ఫోను మోగింది. మాట్లాడుతూ మెట్ల దగ్గరికి వెళ్ళింది.

ఆ నెల బొంతకి నీలం గుడ్డ కరువై కత్తెరక్క పది రోజులుగా వెతుకుతోంది. ఎర్రలు గుట్టలున్నాయి, పసుపు బోలెడుంది, నీలం మాత్రం జానెడు లేదు. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ ఆ నీలం కంటబడగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. చొక్కా వీపు విడదీసింది, చేతులు విడదీసింది. చీటీల అమ్మాయి ఫోను పెట్టేసి వచ్చేసరికి నలభై నాలుగు చదరాలు ముచ్చటగా దొంతర్లు పేర్చి ఉన్నాయి. ముందు భాగాలు రెండూ మిగిలాయి, అదీ కత్తెర ఇంకా అంతదాకా రాలేదు కాబట్టి.

"అయ్యో పిన్నీ! అది కోతకి కాదు!"

"బల్ల మీద పెట్టావుగా, అమ్మాయ్?"

"మా నాన్నది. డ్యూటీ చొక్కా" అంటూనే ఆ పిల్ల కుర్చీలో కూలబడిపోయింది.

నాన్న ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేవాడట. రిటైరై పదిహేనేళ్ళు. ఇప్పుడు మతిమరుపు. పొద్దున్న ఎనిమిదయ్యేసరికి ఆ చొక్కా తొడుక్కుని వీధి తలుపు దగ్గర నిలబడతాడు. పాలవాడొచ్చినా, కరెంటు బిల్లు వాడొచ్చినా, "పైకా, కిందికా?" అని అడుగుతాడు. ఉన్నది ఒక్క అంతస్తే. ఆ చొక్కా ఒంటి మీదుంటేనే డ్యూటీ ఎక్కినట్టు, డ్యూటీ ఎక్కితేనే ముద్ద ముడతాడు.

"అలాంటి రంగే ఇంకోటి కొని చూశాను పిన్నీ. 'ఇదెవడిదో, వాడికిచ్చెయ్' అని గోడకేసి తిరిగి కూర్చున్నాడు" అంది.

ఎవరో, "పోనీలేమ్మా, కొత్తదానివి, తెలీక పెట్టావు" అన్నారు. ఆ పిల్ల కూడా కళ్ళు తుడుచుకుని, "అవును, నేనే చూసుకోవాల్సింది" అనేసింది.

కత్తెరక్కకి మాత్రం తెలుసు. ఆ చొక్కాకి గుండీలున్నాయి, జేబుంది. మడత విప్పగానే చూసింది. ఎవరిదమ్మా ఇది అని ఒక్క కేక వేసి ఉంటే సరిపోయేది. ఆ మాటే ఇప్పుడు చెప్పాలి. పెదాలు కదిలాయి కూడా. కానీ బయటికొచ్చింది వేరే. "ముక్కలన్నీ ఇటివ్వండి. కుట్టి తెస్తాను."

ఆదివారమంతా చొక్కా ముందేసుకుని కూర్చుంది. జరిగింది విని మొగుడు, "ఇంతకీ తప్పైందని ఆ పిల్లతో అన్నావా?" అని అడిగాడు.

"కుడుతున్నాను కదా!"

"కుట్టడం వేరు, అనడం వేరు."

"మీ పేపరు మీరు చదువుకోండి" అని కసిరింది. ఆయన పేపరు చదువుకున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే.

కోయడం తేలిక. కోసినదాన్ని మళ్ళీ చొక్కా చేయడం ఎంత కష్టమో కుట్టేవాళ్ళకే తెలుసు. ప్రతి అతుకూ కాస్త గుడ్డ మింగుతుంది. వీపులో అడ్డంగా ఐదు చదరాలు, వాటి మధ్య నాలుగు అతుకులు, అతుక్కి అరంగుళం చొప్పున రెండంగుళాలు పోయినట్టే. నిలువునా అంతకంటే ఎక్కువే పోతుంది. వీపు తగ్గితే ముందు భాగాలూ లోపలికి పట్టాలి, చేతులూ చిన్నవవుతాయి. ఎన్నిసార్లు లెక్క వేసినా అదే లెక్క. ముసలాయన ఒంటికి పట్టదేమోనని ఆవిడకి దిగులు పట్టుకుంది. పోనీ వేరే నీలం గుడ్డ కలుపుదామా అంటే, గుర్తుపట్టి విసిరికొడితే? అతుకుల అంచులు వీపుకి గుచ్చుకోకుండా ఒక్కోదాన్నీ లోపలికి మడిచి, సన్నటి సూదితో చేత్తో కుట్టింది. కుడుతున్నంతసేపూ బల్లకి అవతల నిలబడ్డ మనిషి కళ్ళ ముందు మెదులుతూనే ఉంది.

సోమవారం మధ్యాహ్నం చీటీల అమ్మాయి ఫోను చేసింది. "రెండ్రోజులుగా బనీనుతో తలుపు దగ్గర నిలబడుతున్నాడు పిన్నీ. రెండు బిస్కెట్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఎప్పటికవుతుంది?" గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది కత్తెరక్కకి.

మంగళవారం ఎనిమిదింటికి ముందే చొక్కా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. తలుపు దగ్గర బనీనుతో సన్నగా, నిటారుగా నిలబడున్నాడాయన.

"పైకా, కిందికా?"

"లోపలికండీ."

ఆయన కాసేపు ఆలోచించాడు. "అది ఏ అంతస్తమ్మా?"

కూతురు గబగబా వచ్చి చొక్కా అందుకుని ఆయనకి తొడిగింది. భుజాలు భుజాల మీద కూర్చున్నాయి. గుండీలు ఇబ్బంది లేకుండా పడ్డాయి. అతుకులు మింగిన రెండంగుళాలూ ఆయన ఒంట్లోంచి ఎప్పుడో కరిగిపోయాయి. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

"ఇన్నాళ్ళూ ఉతికి ఉతికి చొక్కానే సాగిందనుకున్నాను పిన్నీ" అంది చీటీల అమ్మాయి. వంటగదిలోకి వెళ్ళి కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని ఆవురావురుమంటూ తిన్నాడు. తింటూ తింటూ ఎడమ చేత్తో కుడి చెయ్యి మీది అతుకు తడిమాడు.

"ఎవరు కోశారిది?"

"ఎలక కొట్టింది నాన్నా" అంది కూతురు వెంటనే.

ఎంత హాయిగా ఉందో ఆ మాట! ఎలక. దానికి ఉద్యోగం పోదు, మొహం చిన్నబోదు. కత్తెరక్కకి ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికైంది. ఆ తేలికదనం ఆవిడకి పాత పరిచయమే. సూపర్‌వైజరు బల్లకి అవతలి మనిషి మీద విరుచుకుపడ్డ రోజున కూడా సరిగ్గా ఇలాగే అనిపించింది. అది గుర్తుకొచ్చేసరికి తన మీద తనకే రోత పుట్టింది.

"ఎలక కాదండీ. నేను కోశాను. చొక్కా అని తెలిసే, ఎవరినీ అడక్కుండా కోశాను. మీ అమ్మాయి తప్పేం లేదు" అంది.

ఆయన ఎగాదిగా చూశాడు. "చూసుకోవద్దూ? డ్యూటీ చొక్కా."

"చూసుకోవాలండీ. తప్పైంది."

ఆయన చెయ్యి కడుక్కుని తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఐదు నిమిషాలయ్యాయో లేదో వీపు తడుముకుంటూ వెనక్కి వచ్చాడు. "ఎవరు కోశారిది?"

"నేనేనండీ. అడక్కుండా కోశాను."

మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. చీటీల అమ్మాయి ఇబ్బందిపడుతూ, "ఆయనింతే పిన్నీ, మీరు వెళ్ళండి" అంది. కత్తెరక్క వెళ్ళలేదు. ఆయన అడిగిన ప్రతిసారీ చెప్పింది. మొదటిసారి గొంతు వణికింది. మూడోసారికి వణకలేదు. ఐదోసారి ఆయన అడిగేసరికి, ఆ మాట వెనకే ఇంకో మాట తోసుకొచ్చింది.

"ఇదొక్కటే కాదండీ. ఫ్యాక్టరీలో చొక్కా చేతులన్నీ ఎడమవే కోసింది కూడా నేనే. ఆవిడ గుడ్డ సరిగ్గానే పరిచింది. నేను నోరు మూసుకున్నాను. ఆవిణ్ణి పంపేశారు."

లిఫ్టులో జనం ఏవేవో మాట్లాడుకుంటుంటే ఎదురుగా చూస్తూ వినే అలవాటు ఆయనది. అలాగే గోడకేసి చూస్తూ అంతా విన్నాడు.

"ఆవిడ ఉందా?"

"ఉందండీ. మా ఇంటికి నాలుగు వీధుల అవతల."

"మరి ఆవిడకి చెప్పాల్సింది నాకు చెప్తావేంటమ్మా?" అని విసుక్కుని, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

కత్తెరక్క బయటికొచ్చి నడిచింది. చుట్టూ తిరిగి కాదు, ఆ వీధిలోంచే. దారిలో రెండుసార్లు ఆగింది. ఇంకో రోజు రావచ్చులే అనుకుంది. ఈ మాట ఇరవై రెండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నావు కదే అని తనని తానే తిట్టుకుని, వెళ్ళి తలుపు కొట్టింది.

తీసింది ఆవిడే. జుట్టంతా నెరిసింది. గుర్తుపట్టింది, కానీ రమ్మని అనలేదు. కత్తెరక్క కూడా క్షేమసమాచారాల జోలికి పోలేదు. గడప ఇవతలే నిలబడి చెప్పేసింది. "ఆ రోజు చేతులు తప్పు కోసింది నేను. నమూనా తిరగేయడం మర్చిపోయాను. నువ్వు సరిగ్గానే పరిచావు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

ఆవిడ తలుపు రెక్క వదిలేసింది. "ఉండు" అని లోపలికి వెళ్ళింది. ఇక రాదేమో, వచ్చినా తలుపు వేయడానికేనేమో అనుకుంది కత్తెరక్క. వెళ్ళిపోదామా అని వెనక్కి తిరగబోతుండగా ఆవిడ వచ్చింది. ఒక చేత్తో మొగుణ్ణి, ఇంకో చేత్తో సగం గడ్డం గీసుకున్న కొడుకుని లాక్కొచ్చింది. వెనకే ఏమైందోనని కోడలు పరిగెత్తుకొచ్చింది.

"నేను మంచం మీద దుప్పటి పరిచినా, తిరగేసి పరిచావా ఏంటని ఈ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా నవ్వుతున్నారు" అంది ఆవిడ. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఇప్పుడు చెప్పు. వీళ్ళందరికీ వినబడేలా చెప్పు."

కత్తెరక్క మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది.