భరిణె లేకుండా ఓటు అడిగిన వదిన

ఓటు అడగడానికి వచ్చినవాళ్లు మీ నుదుట బొట్టు పెడితే, అది ఎవరి దారికి అడ్డమో ఎప్పుడైనా ఆలోచించారా?

కాశిబుగ్గలో మా డివిజన్ మహిళలకు రిజర్వ్ అయినప్పుడు మా పక్కింటి వదిన నిలబడింది. భర్త పోయాక మిషన్ కుట్టుకుంటూ బతుకుతున్న మనిషి. గల్లీలో మురుగునీళ్లు పోయే మోరీ కోసం మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగింది కూడా ఆమే. ఎదుటి అభ్యర్థి ఒక కాంట్రాక్టర్ భార్య. ఫ్లెక్సీ నిండా దండం పెడుతున్నది కాంట్రాక్టర్. ఆమె ఫొటో ఒక మూలన ఉంది.

మొదటి రోజే వాళ్ల ఆడవాళ్లు కుంకుమ భరిణెలతో ఇల్లిల్లూ తిరిగారు. "బొట్టు పెట్టి అడుగుతున్నం అక్కా, మర్చిపోవద్దు." మా దగ్గర బొట్టు పెట్టించుకుంటే మాట ఇచ్చినట్టే. నాకు అనుమానం అక్కడే మొదలైంది. పోయిన ఎన్నికల్లో ఇదే మనుషులు వచ్చారు, భరిణె లేదు. అప్పుడు వాళ్లకు ఎదురు నిలబడింది మగవాడు. ఈసారి నిలబడింది, భర్త పోయింది కాబట్టి బొట్టు పెట్టకూడదని లోకం అనే మనిషి.

మా వైపు పెద్దమనుషులకు అది అర్థం కాలేదో, అర్థమయ్యే ఊరుకున్నారో.

"నువ్వు ఇంట్లనే ఉండు చెల్లే. నీ తమ్ముని పెండ్లాం ఉన్నది గదా, ఆ మరదలు తిరిగి బొట్టు పెడ్తది" అన్నారు.

"అట్లయితే మరదలినే నిలబెట్టకపోయిండ్రా అన్నా" అంది వదిన. ఒట్టి చేతులతోనే బయల్దేరింది. నేనూ వెంట నడిచాను.

గల్లీ చివరింటి అవ్వ తలుపు సగమే తీసింది. "పొద్దుగాల్నే ఎదురొస్తివి బిడ్డా. జర పగటీలి రారాదా?"

"మోరీ నిండినప్పుడు పొద్దుగాల్నే నన్ను లేపితివి గదనే అవ్వా. అప్పుడు నా మొఖం మంచిగనే ఉండెనా?"

అవ్వ నవ్వింది. వెంటనే గొంతు తగ్గించింది. "నువ్వు మంచిదానివే బిడ్డా. కానీ నిన్ననే బొట్టు పెట్టించుకున్న. మాట తప్పితే పాపం."

వదిన ఓడిపోయింది. ఆమె పనితనం గురించి ఎవరూ ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు. ఆ సంగతే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వానలకు మోరీ మళ్లీ పొంగింది. కొత్త కార్పొరేటర్‌కు ఫోన్ చేస్తే ఎత్తింది కాంట్రాక్టర్. "మేడం పూజల ఉన్నరు, ఏమున్నా నాకు చెప్పుండ్రి." మర్నాడు తెల్లారకముందే అవ్వ వచ్చి వదిన తలుపు కొట్టింది. ఆ పూట శకునం గుర్తురాలేదు.

మళ్లీ ఎన్నికలొస్తాయి. మీ వాకిట్లోకి భరిణె వస్తే నుదురు వెనక్కి తీసుకోండి. భర్తను గేటు బయటే ఆపి అభ్యర్థిని లోపలికి పిలవండి. మోరీ ఎప్పుడు బాగుచేయిస్తుందో ఆమె నోటితోనే చెప్పించండి.