చుక్కకి రొయ్య ముక్క

పోయిన వారం పన్ను పీకించుకోవడానికి విజయవాడ వెళ్ళాను. డాక్టరుగారి హాల్లో గోడ పొడవునా ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందరూ రంగు చేపల్ని చూస్తుంటే నా కళ్ళు అడుగున ఉన్న రాళ్ళ సందుల్ని వెతికాయి. అనుకున్నట్టే ఒక సందులోంచి సన్నటి చెయ్యి బయటికి వచ్చి అటూ ఇటూ ఊగుతోంది. "దానికి ఆకలేస్తోందమ్మా, ఏమన్నా పెట్టండి," అన్నాను అక్కడ కూర్చున్న అమ్మాయితో. పన్ను నొప్పి ఈవిడ తలకెక్కిందనుకుంది కాబోలు, నాకు మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చింది.

ఆ చెయ్యి నాకు బాగా తెలుసు. తిరువూరులో మా ఇంటి వసారాలో అలాంటి జీవి ఒకటి మాతో పాటు కాపురం చేసింది. బ్రిటిల్ స్టార్ అంటారు. మధ్యలో రూపాయి బిళ్ళంత ఒళ్ళు, దాని చుట్టూ జానెడేసి చేతులు ఐదు. గట్టిగా పట్టుకుంటే చెయ్యి తెంపుకుని పారిపోతుంది, అంత పెళుసు. మేము చుక్క అనేవాళ్ళం. అత్తయ్యగారు మాత్రం మొదటిసారి చూసినప్పుడు, "ఐదు జెర్రుల్ని తెచ్చి గుండీకి కుట్టినట్టుందిరా," అన్నారు.

తెచ్చింది మా బావగారు, అంటే మావారి అన్నగారు. మోకాళ్ళ నొప్పులు ముదరడంతో బియ్యం మిల్లు లీజుకిచ్చి ఇంట్లో కూర్చున్నారు. అన్నేళ్ళు మిల్లు రొదలో అరిచి అరిచి మాట్లాడిన మనిషి ఒక్కసారిగా మాటే మానేశారు. టీ ఇస్తే తాగేవారు, ఇవ్వకపోతే అడిగేవారు కాదు. కొడుకుని అలా చూసి అత్తయ్యగారు లోలోపల కుమిలిపోయేవారు. అలాంటి మనిషికి ఫోన్లో ఏవో వీడియోలు చూసి ఉప్పునీటి తొట్టె మీద మనసు పడింది. దానితో నోరు తెరుచుకుంది. నీళ్ళలో ఉప్పెంత, వేడెంత అని రోజూ మాకు పాఠాలే. పులుసులో ఉప్పు చూడమన్నా ఆ కొలిచే గొట్టం పట్టుకొస్తారేమోనని నేనూ మా తోటికోడలూ నవ్వుకునేవాళ్ళం. వానాకాలం మొదట్లో చుక్కని విజయవాడ నుంచి బస్సులో, సంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. కొత్త నీళ్ళు దానికి పడాలని సంచిలోకి తొట్టెలో నీళ్ళు బొట్టు బొట్టుగా వదులుతూ పూటంతా కూర్చున్నారు. మా పెళ్ళిలో కూడా ఆయన అంత ఓపిగ్గా కూర్చోలేదు.

అసలు చిక్కు తిండి దగ్గర వచ్చింది. చేపలకైతే నాచుతో చేసిన పచ్చ గుళికలు సరిపోయాయి. చుక్కకి వారానికి రెండు మూడుసార్లు రొయ్య ముక్క పెట్టాలని కొట్టువాడు చెప్పి పంపాడు. మాది మడీ ఆచారం ఉన్న ఇల్లు. ఉల్లిపాయకే కార్తీకంలో సెలవు. రొయ్య మాట అత్తయ్యగారి చెవిన వెయ్యడానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది. బావగారు ఆలోచించి, మనింటికొచ్చాక మన తిండే తింటుందని తీర్మానించారు. ఉడికించిన పెసరపప్పు పెట్టారు. చుక్క చేత్తో తడిమి వదిలేసింది. పనీరు పెట్టారు. తొట్టె మజ్జిగ కుండలా తెల్లబడింది. మీల్‌మేకర్ పెడితే చేపలు లాక్కుపోయాయి. ఇలా నెల్లాళ్ళు గడిచేసరికి చుక్క చేతులు రెండు కొసల్లో తెగి పడిపోయాయి. బావగారు మళ్ళీ మాట తగ్గించేశారు. ఒక మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే, "అది తినట్లేదమ్మా, నాకూ ఆకలిగా లేదు," అన్నారు నాతో. గుమ్మంలో నిలబడిన అత్తయ్యగారు ఆ మాట విన్నారు.

విన్నవారు విన్నట్టే నేరుగా పెరట్లోకి వెళ్ళారు. గోడకి అవతల టీచరుగారి ఇల్లు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆవిడ రొయ్యలు వండుకుంటారు. మాకు ఇబ్బందని ఎన్నో ఏళ్ళుగా ఇటువైపు కిటికీ మూసి వండే పెద్దమనిషి.

"టీచరమ్మా, ఈ ఆదివారం రొయ్యలు తెస్తారా?"

టీచరుగారు హడలిపోయారు. "వాసన వస్తోందాండీ పిన్నిగారూ? కిటికీ వేసే ఉంచుతున్నానండి."

"వాసన కాదమ్మా. ఉప్పూ కారం వెయ్యకముందు ఒక్క ముక్క తీసి పెట్టండి. మా ఇంట్లో చుక్క పస్తుంటోంది. దాంతో పాటు మావాడూనూ."

ఆ ఆదివారం గోడ మీద ఆకు దొన్నెలో కడిగిన రొయ్య ముక్క వెలిసింది. అత్తయ్యగారు షరతులు పెట్టారు. దొన్నె ఇంట్లోంచి పోకూడదు, సందులోంచి వసారాలోకి రావాలి. పొడుగు పట్టకారు బయట మేకుకే వేలాడాలి. పెట్టినవాళ్ళు తలారా స్నానం చెయ్యాలి. బావగారు అన్నిటికీ తలూపి, లైటు ఆపి, పెసరగింజంత ముక్క రాతి దగ్గర పట్టుకున్నారు. ఒక చెయ్యి వచ్చింది. వెనకే ఇంకోటి. ముక్కని చుట్టేసి పొట్ట కిందికి లాక్కుంది. "తింటోంది! అమ్మా, తింటోందే!" అని ఆయన పెట్టిన కేక మిల్లు రోజుల్నాటి కేక. మా తోటికోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ఒకసారి బావగారు పెళ్ళికని పెనుగొలను వెళ్ళి రెండు రోజులు ఉండిపోయారు. నేను బజారు నుంచి వచ్చేసరికి వసారాలో అత్తయ్యగారు ఒక్కరే ఉన్నారు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పట్టకారు నీళ్ళలో ముంచి, "రా నాయనా, రా. ఎవరూ చూడట్లేదు," అంటున్నారు. నన్ను చూసి ఉలిక్కిపడి, "ఏంటే అలా చూస్తావు? నీళ్ళు పోసుకుంటాలే!" అని కసిరారు. చుక్క చేతులు తిరిగి మొలవడానికి ఆ ఏడాది చాలా భాగం పట్టింది. ఎప్పుడు పెరిగాయో రోజూ చూసే బావగారు కూడా చెప్పలేకపోయారు.

అత్తయ్యగారు పోయి రెండేళ్ళవుతోంది. చివరి నెలల్లో మంచం దిగలేకపోయేవారు. నేను గంజి కలిపి తీసుకెళ్తే చెంచా నోటి దాకా రానిచ్చి, చేత్తో ఆపి, "వాడికి పెట్టారా?" అని అడిగేవారు. చుక్కకి పెట్టామంటేనే నోరు తెరిచేవారు. ఆవిడ ముద్ద ముట్టందే ఎవరూ ముట్టకూడని ఇంట్లోకి నేను కోడలిగా వచ్చాను. ఆ అలవాటు తప్పడానికి ఇంకో జన్మ కావాలనుకున్నాను. ఒక్క వానాకాలం చాలింది.