మాస్టారు నన్ను 'మీరు' అన్న రోజు

"మీ మాస్టారు వెళ్ళిపోయేరు బాబూ. షూటింగు ఉంటుందేమో మీకు. కుదిరితేనే రండి."

పోయిన వారం రాజోలు నుంచి ఫోన్ చేసి, మాస్టారి భార్య నాతో చెప్పింది ఇంతే. భర్త పోయిన పూట కూడా ఆవిడ నా వీలు చూశారు. ఆ మర్యాద నాకు చెంపదెబ్బలా తగిలింది.

టీవీ చూసేవాళ్ళకి మాస్టారి మాటలు తెలుసు, మనిషి తెలియదు. ఏళ్ళ తరబడి వారం వారం మనల్ని నవ్వించిన సీరియల్ ఆయన రాసిందే. హైదరాబాదులో దిక్కూ మొక్కూ లేకుండా తిరుగుతున్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రాత నేర్పారు. నేను రాసిన సీను పూర్తవగానే క్యాంటీన్లో గిన్నెలు కడిగే ఆవిడకి చదివి వినిపించేవారు. ఆవిడ మొహమాటానికి నవ్వితే ఇట్టే కనిపెట్టేవారు.

"మర్యాద నవ్వురా ఇది. చింపెయ్."

తను రాసినవీ అలాగే చింపేవారు. "జారిపడ్డవాణ్ణి చూసి ఎవడైనా నవ్వుతాడు. ఆ పడ్డవాడు కూడా నవ్వాలి. అలా రాయి" అనేవారు.

ఒకరోజు ఛానెల్‌వాళ్ళు సీరియల్లో బావమరిది పాత్రకి నత్తి పెట్టమన్నారు. జనం పడీపడీ నవ్వుతారట.

మాస్టారు నెమ్మదిగానే చెప్పారు. "మా అన్నయ్యకి నత్తండీ. ఆయన బతికున్నన్నాళ్ళూ ఊరంతా నవ్వేరు. అది చాలండీ. నేను రాయలేను."

మర్నాడు ఆయన్ని తప్పించి నన్ను పిలిచారు. ఆలోచించుకుని చెబుతానని కూడా అనలేదు నేను. ఆ వారమే నత్తి పెట్టాను. జనం నవ్వారు. ఆయన రాసిన పాత ఎపిసోడ్లు మళ్ళీ వేసినప్పుడు రచయితగా నా పేరే పడింది. పొరపాటని తెలిసీ నోరు విప్పలేదు.

ఆయన రాజోలు వెళ్ళిపోయారు. రెండేళ్ళ తర్వాత అమలాపురంలో పెళ్ళికొచ్చి, ధైర్యం చేసి వాళ్ళింటికి వెళ్ళాను. పనసపొట్టు కూరతో భోజనం పెట్టించారు. ఒక్క మాట నిష్ఠూరమాడలేదు.

"మన సీరియల్ చూస్తున్నారా మాస్టారూ?"

"ఆయ్, చూస్తున్నానండీ. మీ పేరు పెద్దక్షరాల్లో వేస్తన్నారు. సంతోషమండీ."

అంతకుముందెప్పుడూ ఆయన నన్ను 'ఏరా' తప్ప మరోలా పిలవలేదు. తిడతారేమోనని ఎదురుచూశాను. తిట్టలేదు. తిట్టడానికి నేను ఇక ఆయన మనిషిని కాను.

పోయిన వారం అంత్యక్రియలు అయ్యాక, ఇంటి గుమ్మం ముందు లోకల్ ఛానెల్ విలేకరి మైకు పెట్టాడు. "గురువుగారు మీకేం నేర్పేరండీ?"

"పడ్డవాడు కూడా నవ్వేలా రాయమన్నారు" అని తడుముకోకుండా చెప్పాను. చక్కటి మాటలే పడ్డాయి. "బాగా చెప్పేరండీ" అన్నాడతను.

వెనక్కి తిరిగితే మాస్టారి భార్య. ఎప్పటినుంచి వింటున్నారో తెలియదు. నా వైపు చూడలేదు. దండెం మీద ఆరేసి ఉన్న మాస్టారి లాల్చీ అంచు చేత్తో తడిమి, ఇంకా ఆరలేదన్నట్టు అలాగే వదిలేసి లోపలికి వెళ్ళిపోయారు.